బాగున్నానని అనకూడని ఎండాకాలం

ఆ ఎండాకాలం మా ఇంట్లో "బాగున్నాను" అనే మాట మీద నిషేధం ఉండేది. పెట్టింది మా వకీలు కుసుమకుమారి మేడమ్. బొల్లారం దగ్గర ఒక కారు రాంగ్ సైడులో దూసుకొచ్చి మా ఆయన కాలేబును బైకుతో సహా ఎగరగొట్టి అప్పటికి ఏడాది దాటింది. ఎడమ తొడ ఎముక విరిగితే లోపల కడ్డీ వేశారు. కడ్డీ అయితే నిలబడింది కానీ ఎముక అతకలేదు. ఇంకో ఆపరేషన్ చేస్తేనే అతుకుతుందనీ, ఆలస్యం చేస్తే ఆ కాలు మీద ఆశ వదులుకోవాల్సిందేననీ డాక్టరు చెప్పాడు. ఆ ఆపరేషన్ చేయించే స్తోమత మాకు లేదు. ఆ కారు తాలూకు ఇన్సూరెన్స్ కంపెనీ మీద వేసిన కేసు గెలిస్తే కాలు ఉంటుంది, ఓడితే జన్మంతా ఈ చంకకర్రలే. కాలేబు లిఫ్టులు రిపేరు చేసే మనిషి. చంకకర్రలతో ఏ లిఫ్టు గుంతలోకి దిగుతాడు?

కోర్టుకు వేసవి సెలవులు ఇచ్చే ముందు మేడమ్ మా ఇద్దరినీ పిలిపించి జాగ్రత్తలు చెప్పారు.

"సెలవులైనంక కంపెనీ వకీలు కాలేబును క్రాస్ ప్రశ్నలు అడుగుతడు. అప్పటిదాంక జెర నోరు దగ్గర పెట్టుకోండి. ఆస్పత్రి కాగితం ఒక్కటి సుత పారెయ్యొద్దు. ఎవరొచ్చి ఎక్కడ పెట్టమన్నా సంతకం పెట్టొద్దు. ఫొటోలు, స్టేటస్‌లు అన్నీ బంద్. బాగున్నవా అని ఎవరన్న అడిగితే బాగున్న అనొద్దు."

"మరి ఏమనాలె మేడమ్?" అన్నాడు కాలేబు.

"ఉన్నదే అను. నొస్తుంది అను."

మర్యాదకు కూడా బాగున్నానని అనకూడదంటే మనిషి వీధిలో ఎలా తిరుగుతాడు చెప్పండి! పాలాయన అడుగుతాడు, కింద పోర్షన్ వాళ్లు అడుగుతారు, రాంగ్ నంబరు ఫోన్ చేసినవాడు కూడా అడుగుతాడు. మొదట్లో కాలేబుకు అదొక ఆటలా ఉండేది. "మస్తు నొస్తుందన్నా, ఇంకేంది సంగతి?" అని జవాబిచ్చేవాడు. పాలాయన బిత్తరపోయి పాలు ఒక గిద్దె ఎక్కువ పోసిన రోజులున్నాయి.

మా అత్తమ్మ కాంతమణి మాత్రం ఒంటికాలి మీద లేచింది. బొల్లారంలో మా చర్చి స్త్రీల కూడికకు ఆవిడే పెద్ద. బాగు చేయమని దేవుణ్ణి అడిగిన రోజే బాగైపోయిందని నోటితో ఒప్పుకోవాలన్నది ఆవిడ నమ్మకం. నొప్పి ఇంకా ఉన్నా సరే, పోయిందనే చెప్పాలి. నొస్తుందని అంటే ఇచ్చిన చేతిని వెనక్కి తోసేసినట్టే. మా చర్చిలో సగం సాక్ష్యాలు అలాంటివే. జ్వరంతో వణుకుతూ మైకు పట్టుకుని జ్వరం పోయిందని చెప్పినవాళ్లను నేనే చూశాను. అందులో మోసమేమీ లేదు, మబ్బు పట్టకముందే గొడుగు విప్పుకున్నట్టు, అంతే.

"పొద్దుగూకులు నొస్తుంది నొస్తుంది అంటె గదే నిలుస్తది బిడ్డా," అని కొడుకు మంచం పక్కన కూర్చుని గొణిగేది.

"దేవునికి ఎక్స్‌రే లేకున్నా కనిపిస్తది అత్తమ్మా. జడ్జికి కనిపియ్యదు కద," అనేదాన్ని నేను. అల్వాల్‌లో ఒక బడిలో లెక్కలు చెబుతాను. సెలవులు కావడంతో ఇంట్లోనే ఉన్నాను. కేసుకు నేనే కాపలా అని నాకొక ధీమా.

ఏప్రిల్ చివర్లో ఒక మిట్టమధ్యాహ్నం తలుపు చప్పుడైంది. మాది మొదటి అంతస్తు. ఆ వేళ వీధిలో కుక్కలు కూడా కార్ల కిందికి దూరి పడుకుంటాయి. తలుపు తీస్తే తెల్లచొక్కా వేసుకున్న మనిషి, చంకలో నల్ల అట్ట బైబిలుతో నిలబడి ఉన్నాడు. ఫలానా వాళ్ల ఇల్లేనా అని అడగలేదు.

"సోదరుడు మంచం మీదనే ఉన్నడా అమ్మా?" అన్నాడు.

పేరు దేవకృప అని చెప్పాడు. బన్సీలాల్‌పేటలో చిన్న సంఘం నడుపుతున్నాననీ, ప్రార్థనలో ఈ ఇల్లు కనిపిస్తే వెతుక్కుంటూ వచ్చాననీ అన్నాడు. నేను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను, అత్తమ్మ "వందనాలయ్యగారూ, లోపలికి రండి" అంటూ కుర్చీ లాగేసింది. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. ఆ ఎండలో నడిచి, మెట్లెక్కి వచ్చిన మనిషి నుదుటి మీద ఒక్క చెమట బొట్టు లేదు. అత్తమ్మ ఇచ్చిన మంచినీళ్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. వెళ్లిపోయాక చూస్తే గ్లాసు నిండుగానే ఉంది.

"ఎడమ తొడ," అన్నాడు, దుప్పటి కప్పి ఉన్న కాళ్ల వైపు చూస్తూ. "మోకాలు దాంక కడ్డీ. కింది బోల్టు వదులైంది."

బోల్టు సంగతి డాక్టరు మాకు చెప్పింది ఆ వారమే.

"పడ్డప్పుడు ప్రభువా అనలేదు నువ్వు. అమ్మా అని ఒర్లినవు. అవునా సోదరా?"

కాలేబు ముఖం పాలిపోయింది. ఆ మాట అతను నాతో కూడా ఎప్పుడూ అనలేదు. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. దేవకృప కుర్చీ దగ్గరికి జరుపుకుని, దుప్పటి మీంచే మోకాలి మీద చేయి పెట్టి ప్రార్థన చేశాడు. కొత్త మాటలేమీ లేవు, ఏ పాస్టరైనా చేసే ప్రార్థనే. కానీ ఏడాదిగా మా ఆయన కనుబొమల మధ్య బిగుసుకుని ఉన్న ముడి నా కళ్లముందే విడిపోయింది.

"నొస్తలేదు," అన్నాడు కాలేబు. "ఆలిస్, నిజంగ నొస్తలేదు."

దేవకృప స్తోత్రమని అనలేదు. గోడ వైపు చూస్తూ, "లేచి నిలబడతవా?" అని మాత్రం అడిగాడు. మా ఆయన కర్రలు ముట్టుకోకుండా లేచి నిలబడ్డాడు, కాసేపు నవ్వుతూ అలాగే ఉన్నాడు.

ఆయన వెళ్లేటప్పుడు మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఒక్కో మెట్టు దిగుతుంటే కాలేబు పళ్లు ఒక్కో పిసరు బిగిశాయి. చప్పుడు వీధిలో కలిసిపోయేసరికి దుప్పటి అంచు నోట్లో కుక్కుకుని మూలుగుతున్నాడు.

మే నెలలో చాలాసార్లు వచ్చాడు, ఎప్పుడూ ఆ వేళకే. చేయి పెట్టడం, నొప్పి పోవడం, ఇంకో అడుగు వెయ్యమనడం. మొదట వంటగది గుమ్మం దాకా, తర్వాత బాల్కనీ దాకా. "జెర వెలుతురులకు రా సోదరా," అనేవాడు. ఆయన చొక్కా జేబులో ఫోను ఉండేది. ఒకరోజు చూద్దును కదా, దాని కెమెరా జేబు అంచుకు పైన, మా వైపే తిరిగి ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, అది ఎప్పుడూ అలాగే ఉంటుంది.

డాబా మీదికి పోయి మేడమ్‌కు ఫోన్ చేశాను. దేవకృప ఆనవాళ్లు చెబుతుంటే మధ్యలోనే ఆపేశారు.

"కంపెనీ మనిషే అమ్మా. పోయిన సాలు నా దగ్గర కేసున్న ఇంకొకల్ల ఇంటికి ఆయుర్వేదం డాక్టర్ లెక్క పోయిండు. ఆస్పత్రిల అడుగుతడు, పడ్డ జాగల దుకాణపోల్లను అడుగుతడు, అన్నీ ఎరికైనట్టు మాట్లాడతడు. మల్ల గడప తొక్కనియ్యకు."

హమ్మయ్య అనిపించింది. యాక్సిడెంట్ అయిన చోట కాలేబును లేపింది టీ కొట్టు ఆయనే, అమ్మా అన్న కేక ఆయన వినే ఉంటాడు. బోల్టు సంగతి ఆసుపత్రిలో ఎవరో చెప్పి ఉంటారు. అన్నిటికీ జవాబు దొరికింది, ఒక్కదానికి తప్ప.

"మరి చెయ్యి పెడితే నొప్పి ఎట్ల పోతుంది మేడమ్?"

"గది నన్నడిగితే ఎట్లమ్మా," అన్నారు మేడమ్.

కిందికి వచ్చి కాలేబుకు అంతా చెప్పాను. కోపం తెచ్చుకుంటాడనుకున్నాను. తెచ్చుకోలేదు.

"కావచ్చు. కంపెనీ మనిషే కావచ్చు," అన్నాడు. "గాయన ఉన్నంతసేపు నేను పడ్డట్టే అనిపియ్యదు ఆలిస్. గా కారు నా మీదికి రానే లేదన్నట్టు ఉంటది. గది నీకెట్ల చెప్పాలె?"

అత్తమ్మ అయితే వినను కూడా వినలేదు. "దొంగోడైతె నా కొడుకు ఎట్ల లేస్తుండు?" అంది. అదే ప్రశ్న నాలోనూ ఉంది. దొంగ అని తెలిశాక నాకు భయం తగ్గాలి కదా. తగ్గలేదు, పెరిగింది.

మర్నాటి నుంచి మధ్యాహ్నం కాగానే తలుపు పై గడియ పెట్టడం మొదలుపెట్టాను. మునివేళ్ల మీద నిలబడితే తప్ప నాకే అందని గడియ అది. ఒకరోజు బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నాను. అత్తమ్మ లోపల కునుకు తీస్తోంది. తలుపు ఎవరూ తట్టలేదు, కానీ గడియ జారిన చప్పుడు మాత్రం స్పష్టంగా వినిపించింది. పరుగున వచ్చాను. చంకకర్రలు మంచానికి ఆనించి ఉన్నాయి. తలుపు బార్లా తెరిచి ఉంది. కాలేబు రెండు కాళ్ల మీదా నిటారుగా గుమ్మంలో నిలబడి ఖాళీ మెట్ల వైపు చూస్తున్నాడు.

"వస్తున్నడు," అన్నాడు.

మెట్ల మీద ఎవరూ లేరు. నేను అదే చెప్పబోతుండగా కింద గేటు కిర్రుమంది.

కాలేబును లోపలికి లాగి తలుపు వేసేసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాను. దేవకృప మెట్లెక్కి వచ్చి ఆగాడు. తట్టలేదు, పిలవలేదు. చెక్కకు అవతల ఆయన ఊపిరి వినిపిస్తోంది, ఇవతల మా ఆయన ముఖంలో ఆ నవ్వు. ఆయన దిగి వెళ్లిపోయాక కాలేబు నిలబడ్డచోటే కుప్పకూలాడు. ఆ తర్వాత దేవకృప మా ఇంటికి రాలేదు. కాలేబు నాతో మాట్లాడటం తగ్గించేశాడు. మధ్యాహ్నాలు తలుపు వైపు తిరిగి పడుకునేవాడు.

సెలవుల్లో చివరి ఆదివారం చర్చిలో, మా పాస్టరు పేతురు అయ్యగారు సాక్ష్యాలు ఉన్నవాళ్లను ముందుకు రమ్మన్నారు. కాలేబు లేచాడు. నేను చొక్కా పట్టుకున్నాను, విడిపించుకున్నాడు. కర్రలు కుర్చీ దగ్గరే వదిలేసి, పెళ్లినాడు నడిచినట్టు నడుచుకుంటూ ముందుకు పోయి మైకు అందుకున్నాడు.

"నా కాలు బాగైంది. సంపూర్ణంగ బాగైంది. నాకు ఏ నొప్పీ లేదు."

చర్చి చర్చంతా హల్లెలూయాలతో దద్దరిల్లింది. అత్తమ్మ మోకాళ్ల మీద పడింది. యూత్ వాళ్ల కెమెరా ఎప్పటిలాగే ఆరాధనంతా యూట్యూబ్‌లో లైవ్ పెడుతోంది. నేను వెనక్కి తిరిగి చూశాను. అనుకున్నట్టే చివరి వరసలో దేవకృప ఉన్నాడు. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆయన కొట్టడం లేదు. కాలేబు పాదం ఎక్కడ పడుతోందో అదే చూస్తున్నాడు, రెప్ప వెయ్యకుండా.

ఇంటికి వచ్చే ఆటోలో ప్రతి స్పీడ్ బ్రేకర్‌కూ కాలేబు అరిచాడు. మర్నాటికి తొడ పొంగిపోయింది. ఎక్స్‌రే తీస్తే కింది బోల్టు విరిగి ఉంది. ఎముక ముక్కల మధ్య సందు ఇంకా పెరిగింది.

"దీని మీద నడిచాడా? నడవడానికి వీల్లేదమ్మా," అన్నాడు డాక్టరు, నేను అబద్ధమాడుతున్నట్టు చూస్తూ. వానాకాలం దాటితే ఇక ఆపరేషన్ చేసినా లాభం ఉండదన్నాడు.

ఆ ఎక్స్‌రే చూశాక అత్తమ్మ మూడు పూటలా అన్నం ముట్టలేదు.

జూన్‌లో కోర్టు తెరిచాక మేడమ్ ధైర్యం చెప్పారు. "వాళ్లు గా చర్చి వీడియో పెడతరు. పెట్టనీ. నిజమేనా అనడుగుతరు. బాగ కాలేదు సార్, చర్చిల విశ్వాసంతోని చెప్పిన, అను. గంతే. ఎక్స్‌రే ఉంది, డాక్టర్ ఉన్నడు. గీ ఒక్క మాట నీ నోటెంబడి వస్తె కేసుకు ఏం గాదు. బాగైందంటివా, నేను సుత ఏం చెయ్యలేను."

ఇంట్లో ఆ ఒక్క మాటా చెప్పించి చెప్పించి నా నోరు నొప్పి పుట్టింది. కాలేబు చెప్పేవాడు కానీ కళ్లెత్తేవాడు కాదు. పదిమందిలో దేవుడి పేరు మీద చెప్పిన మాటను ఇంకో పదిమందిలో కాదనాలి. అది అతనికి ఎంత కష్టమో నాకు తెలుసు.

వాయిదా రోజు పొద్దున అత్తమ్మ కొడుకు తల దువ్వింది. దువ్వెన పక్కన పెట్టి అతని గడ్డం పట్టుకుంది.

"బాగ కాలేదనే చెప్పు బిడ్డా. దేవునికి నేను జవాబు చెప్పుకుంట."

ఆవిడ నోటి నుంచి ఆ మాట రావడానికి లోపల ఎన్ని తెగిపోయి ఉంటాయో! ఎండాకాలమంతా ఆవిడతో కీచులాడిన నేను వెళ్లి గట్టిగా కావలించుకున్నాను.

కోర్టు హాలు ఇరుకుగా ఉంది. తొలి వాన బయట జోరుగా కురుస్తోంది. కాలేబుకు కుర్చీ వేశారు, కర్రలు రెండూ చేతికి అందేలా పెట్టాను. కంపెనీ వకీలు లాప్‌టాప్‌లో వీడియో పెట్టాడు. హల్లెలూయాలు ఆ గోడల మధ్య ఎంత పరాయిగా వినిపించాయో చెప్పలేను.

"ఇందులో ఉన్నది మీరేనా?"

"నేనే సార్."

"మీరు చెప్పింది నిజమేనా?"

కాలేబు నన్ను చూశాడు, వాళ్లమ్మను చూశాడు. తర్వాత మమ్మల్ని దాటి వెనక్కి చూశాడు. అతని కనుబొమల మధ్య ముడి మెల్లగా విడిపోవడం చూడగానే నా పైప్రాణాలు పైనే పోయాయి. తిరిగి చూడకుండానే తెలిసింది. తిరిగి చూశాను. చివరి బెంచీలో తెల్లచొక్కా. చేతిలో బైబిలు లేదు, ఒక ఫైలు ఉంది.

"నిజమే సార్," అన్నాడు కాలేబు. "బాగైంది."

జడ్జి గారు ఆ మాట రాయించారు. మేడమ్ కళ్లు మూసుకున్నారు. కాలేబు లేచి, కర్రల వైపు చూడకుండా మనుషుల మధ్య నుంచి నడుచుకుంటూ తలుపు దాకా వెళ్లాడు, తలుపు దాటాడు. కొంచెం కూడా కుంటలేదు. విరిగిన బోల్టుతో, అతకని ఎముకతో మనిషి కుంటకుండా నడుస్తుంటే చూడటం ఎంత ఘోరమో నాకు తెలుసు. అత్తమ్మ స్తోత్రమని అనలేదు. నా చేయి పట్టుకుని, "ఆపు ఆలిస్. వాణ్ని ఆపు," అంది.

వరండాలోకి పరుగెత్తాను. తలుపు దగ్గరే దేవకృప అడ్డం వచ్చాడు. ముఖమంతా చెమట, చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది.

"అమ్మా, ఆయన్ని జెర కూసోబెట్టుండ్రి. కొత్త ఎక్స్‌రే నేను చూసిన. గా కాలు మీద ఎవ్వరు నడవలేరు."

"నువ్వే కద నడిపిస్తున్నవు!" చొక్కా కాలరు పట్టుకున్నాను.

"నాకు ప్రార్థనే రాదమ్మా," అన్నాడు. "గా మాటలు ఫోన్ల జూసి నేర్చుకున్న. వీడియో తీస్కపోవుడే నా పని. మొదటి దినమే ఆయన లేస్తె నాకు గుండె ఆగినంత పనైంది. నా చేతుల ఏం లేదమ్మా. ఒట్టు. నేనేం చెయ్యలే."

ఆ చేతిని ప్యాంటుకు తుడుచుకుంటూనే ఉన్నాడు, ఏదో అంటుకుని వదలనట్టు. నేను కాలరు వదిలేశాను. ఇంతకాలం నేను భయపడ్డ మనిషి నాకంటే ఎక్కువ భయపడుతున్నాడు. ఇక ఎవరిని చూసి భయపడాలో నాకు తెలియలేదు.

వరండా చివర బెంచీ మీద కాలేబు కూర్చుని ఉన్నాడు. వాన జల్లు కాళ్ల మీద పడుతోంది. తొడ దగ్గర ప్యాంటు వాపుకు బిగుసుకుపోయింది. కనుబొమల మధ్య ముడి మళ్లీ వచ్చింది. నన్ను చూసి చేయి చాచాడు.

"యాడికి పోయినవు? నా కర్రలేవి? మస్తు నొస్తుంది ఆలిస్."

పక్కన కూర్చున్నాను. కంపెనీ వకీలు ఫోన్లో నవ్వుతూ మా ముందు నుంచే మెట్లు దిగి వెళ్లిపోయాడు. కాలేబు ఆయన్ను ఎప్పుడూ చూడనట్టు చూసి, కోర్టు హాలు తలుపు వైపు తిరిగాడు.

"ఇంక పిలుస్తలేరేంది మనల్ని?" అన్నాడు. "బాగ కాలేదు సార్, చర్చిల విశ్వాసంతోని చెప్పిన. గట్లనే అనాలె కద?"

అతని చేతిని రెండు చేతులతో పట్టుకున్నాను.

"గట్లనే," అన్నాను.

ఈసారి కళ్లెత్తి నా ముఖంలోకి సూటిగా చూస్తూ, ఒక్క తప్పు పోకుండా, మళ్లీ ఒకసారి చెప్పాడు.